కింది బస్తా

ఎనుమాముల యార్డులో, కాంటాల ఆఫీసు వెనక
ఆరడుగుల గది నాది.
ఏసీ జాలీ మిర్చి దుమ్ముకు ఎర్రబారింది.
ఫిబ్రవరి దాటితే
సర్వర్ కూడా తుమ్ముతుందేమో అనిపిస్తుంది.

ఇనుప పెట్టె ఒక్కటే.
లోపల మూడు మిషన్లు, ఉన్నట్టే ఉండి లేనివి.
ఒకటి తూకాలు రాస్తుంది, ఒకటి పాట ధర పట్టుకుంటుంది,
ఒకటి తక్‌పట్టీ కొడుతుంది.
దేనికది ఇల్లంతా తనదే అనుకుంటుంది.
పక్కగదిలో దగ్గు దేనికీ వినబడదు.

ఒక్కోదానికి వంద చొప్పున రాసిచ్చి పోయాడు
నాకు ముందు పనిచేసిన ఖలీలుద్దీన్ సారు.
ఉన్నది మొత్తం నూట ఎనభై.
ఎవరూ నిండా వాడలేదు కనుక
ఇన్నేళ్లూ అది అబద్ధం కాలేదు.

ఈసారి పరకాల బండ్లు, ములుగు బండ్లు
గేటు దాటి రోడ్డు మీదికి వరస కట్టాయి.
తేజ, చపాటా, తాలు.
జెండా పాట పొద్దున్నే అయిపోయినా
తూకాలు అర్ధరాత్రి దాటినా తెగలేదు.
రెండూ నలభైకి మూడు మిషన్లూ ఊపిరి బిగబట్టాయి.
చావలేదు. ఆగాయంతే.
నలభై రెండు కిలోల ఏడు వందల...
ఆ తర్వాతి అంకె రాయడానికి వాల్యూమ్‌లో జాగా లేదు.

తెరిచి చూస్తే సారు దాచిన స్నాప్‌షాట్లు,
శుక్రవారానికొకటి.
'అప్‌డేట్ ముందు', 'చివరిది', 'నిజంగా చివరిది',
'దీన్ని ముట్టొద్దు'.
అన్నిటికన్నా అడుగున అన్నిటికన్నా పెద్దది.
అదొక్కటి తీసేస్తే సగం ఖాళీ.
వేలు డిలీట్ మీద పెట్టాను.

గుమ్మంలో మొగిలి, భుజాన కొక్కెం, చేతిలో చాయ్.
"కాంటా ఎందుకాగింది బిడ్డా?"
చెప్పాను, వచ్చినట్టు.
కిందిది పాతది పెద్దయ్యా,
మీదివన్నీ దాన్ని చూసే చదువుకుంటాయి.
మారింది మాత్రమే రాసుకుంటాయి.
"అంటే నెట్టే గద. కింది బస్తా గుంజుతవా?
మూడో గోదాంల ఓదెలు గుంజిండు, పద్దెనిమిదేండ్లాయె.
ఇప్పటికీ ఎడమకాలు ఈడ్సుకుంటనే నడుస్తడు."

వేలు తీసేశాను.
చాయ్ చల్లారింది.

"పైనుంచి దించుకుంట రావాలె.
గని ముందుగాల మనిషి తిరిగేటంత జాగ చేస్కో."
తిరిగే జాగా కోసం వెతికాను.
ఏ మిషనూ పట్టుకోని డిస్కు ఒకటి మూల పడి ఉంది,
పేరు 'పరీక్ష రెండు'.
ఇది నీదా అని మూడింటినీ అడిగాను, మళ్లీ అడిగాను.
ఎవరిదీ కాదు. పన్నెండు జీబీలు.
దాన్ని తీసేసి, ఆ సందులో నిలబడి
పైదాన్ని కిందిదాంట్లో కలపడం మొదలుపెట్టాను.

నాలుగు శాతం.
బయట ఎవరో ఆఫీసును బూతులు తిడుతున్నారు.
పంతొమ్మిది.
మొగిలి గోడకానుకుని కునికాడు.
యాభై ఒకటి దగ్గర కరెంటు ఒకసారి కన్ను కొట్టింది,
యూపీఎస్ కీచుమంది,
నా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

ఆరూ ఇరవైకి మిషన్లు లేచాయి.
వాటికింకా రెండూ నలభయ్యే.
తెల్లారిన సంగతి వాటికెవరు చెప్పాలి!
గడియారాలు ఒక్కొక్కటే దిద్దాను.
తూకాలది తన పాత మాట పూర్తిచేసింది:
నలభై రెండు కిలోల ఏడు వందల యాభై.

ఆ బస్తా కాంటా మీదే ఉంది.
దాని మీద చెయ్యేసుకుని లచ్చవ్వ,
రాత్రంతా అక్కడే నిలబడ్డ మనిషి.
"పడ్డదా సారమ్మా, నా లెక్క?"
"పడింది."

కాంటా ఎర్ర అంకెలు అప్పుడు చూశాను.
ఆరు వందల ఎనభై.
రాత్రి గాలికి మిర్చి ఆరింది, డెబ్బై గ్రాములు.
దడువాయి ఇంకా మొహం కడుక్కుంటున్నాడు.
నేను చీటీ చింపి ఆమెకిచ్చాను.
మొగిలి అంకెల వంక చూశాడు, నా వంక చూశాడు,
కొక్కెం వేసి
బస్తా దించేశాడు.